ఏ చెయ్యి?

అమ్మడూ,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది, పెరగనూ లేదు, తగ్గనూ లేదు. కుంటిపెట్ట మళ్లీ పొదుక్కి కూర్చుంది. కింద పదకొండు గుడ్లు పెట్టాను. ఇవాళ్టికి పద్నాలుగో రోజు, ఇంకో వారంలో పిల్లలు దిగుతాయి. ప్రత్యేకించి విషయమేం లేదు, ఊరికే రాస్తున్నాను.

మొన్నామధ్య అల్లుడుగారు ఫోన్ చేశారు. మాటల మధ్యలో "ఇప్పుడు చెయ్యి పర్లేదు మావయ్యగారూ" అన్నారు. ఏ చెయ్యి బాబూ అన్నాను. లైను సరిగ్గా లేదండీ, మళ్లీ చేస్తా అని పెట్టేశారు. లైను శుభ్రంగానే ఉంది, మీ పుంజు కూత కూడా నాకు వినపడింది. ఆ తర్వాత నీకు ఎన్నిసార్లు చేసినా "పనిలో ఉన్నా నాన్నా" అని మెసేజే. పన్నెండు రోజులైంది. పనులుంటాయి, కాదనను. నేనేం అనడం లేదు.

గుడ్లు లెక్కకి రావడం లేదని పోయిన నెల నువ్వే చెప్పావు. పెంకుముక్క కూడా మిగలడం లేదన్నావు. అప్పుడే అడగాల్సింది. ఎలుకైతే, ముంగిసైతే పెంకులు వదిలిపోతాయి. పాము అలా కాదు, గుడ్డు గుడ్డంతా మింగేసి పోతుంది. తల, మెడ తడిసిపోయి, నూగు జిగురుగా అంటుకుని చచ్చిన కోడిపిల్ల కనబడిందా? అదీ దాని పనే. మింగబోయి, పట్టక వదిలేస్తుంది. గూటి వెనక కుబుసం ఉందేమో కూడా చూడు. చూడమంటే కర్రతో. చేత్తో కాదు.

మీ గూటికి వేసింది మామూలు కోళ్ల జాలీ అనుకుంటాను, ఆరు మూలల కన్నాలది. అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గానీ పాముని బయట ఉంచడానికి కాదు. అరంగుళానికి మించని కన్నాల గట్టి ఇనపజాలీ వెయ్యండి, పావంగుళమైతే పాముపిల్లలు కూడా దూరవు. అడుగు లోతున మట్టిలోకి దించాలి. తవ్వడం కుదరకపోతే కింది అంచుని బయటివైపు మడిచి నేలమీద పరిచి రాళ్లు పెట్టండి. తలుపు కింద సందు మర్చిపోతారు అందరూ. నైలాన్ వల మాత్రం కట్టొద్దు. పాము అందులో చిక్కుకుంటుంది, అయ్యో పాపం అని నువ్వు విడిపించడానికి వెళ్తావు. నీ సంగతి నాకు తెలియదా?

అసలు పాము ముందు నీ కోళ్ల కోసం రాదే తల్లీ, ఎలుకల కోసం వస్తుంది. కింద పడ్డ దాణాకి ఎలుక వస్తుంది, ఎలుక వెనక అది వస్తుంది, వచ్చాక గుడ్డు కనిపిస్తే కాదంటుందా? చీకటి పడేలోపు దాణా గిన్నె లోపల పెట్టి, డబ్బాకి మూత బిగించు. బొరియలు పూడ్చు. గూటి చుట్టూ గడ్డి కురచగా కోయించు, ఆ ఇటుకల కుప్ప, కట్టెల మోపు దూరంగా వేయించు. గుడ్లు పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి తియ్యి. వెల్లుల్లి, ఫినాయిలు, నాఫ్తలీన్ ఉండలు అని మీ చిన్నత్త చెబుతుంది, విని ఊరుకో. వాటికి పాము ఆగదు, ఆ ఉండలు కోళ్లు పొడిస్తే వాటికే విషం.

ఉపన్యాసం ఇవ్వకూడదు అనుకునే కూర్చున్నాను. సరే, ఒక సంగతి చెబుతాను, ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

నువ్వింకా పుట్టలేదు. మీ తాత ఊళ్లో లేడు. సాయంత్రం గుడ్లు తియ్యడం మర్చిపోయి, నాయనమ్మ తిడుతుంటే చీకట్లో వెళ్లి గంపలోకి చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. తడిసిన గోనె అనుకుని లాగాను. గోనె కదిలింది! అది జాలీ కన్నంలోంచి లోపలికొచ్చి నాలుగు గుడ్లు మింగింది, ఆ కడుపుతో మళ్లీ అదే కన్నంలోంచి పోబోయి సగంలో ఇరుక్కుంది. నాయనమ్మ లాంతరు తెచ్చింది. వీధి వీధంతా వచ్చింది. నాగు అని ఒకరు, కాదు జెర్రిపోతు అని ఒకరు. అంత తగువు ఎందుకు, పక్కకి జరిగి వదిలేస్తే నాలుగూ కక్కేసి దాని దారిన అది పోయేది. అందరూ చూస్తున్నారు కదా, నాకు పౌరుషం వచ్చింది. దుడ్డుకర్ర ఎత్తి ఒక్కటి వేశాను. అది కుండకి తగిలి కుండ పగిలింది. పాము నా మణికట్టు పట్టుకుంది.

ఇక చూడు. నలుగురు నన్ను పట్టుకుని మోచేతి పైన నులకతాడు బిగించారు. ఎంత బిగిస్తే అంత మంచిదట. ఒకాయన బ్లేడు తెమ్మన్నాడు, నాయనమ్మ అరవబట్టి ఆగాడు. ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి వంకాయ రంగుకి తిరిగింది. డాక్టరు ముందు తాడు చూసి తిట్టాడు, తర్వాత గాటు చూశాడు. రాత్రంతా అక్కడే ఉంచుకున్నాడు. జెర్రిపోతే, విషం లేదు. పాము పెట్టిన గీరలు నాలుగు రోజుల్లో మానాయి, తాడు పెట్టిన మచ్చ నెలరోజులుంది. కట్టు కట్టకూడదు, కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, ఉంగరాలూ గాజులూ తీసేసి, చెయ్యి కదలకుండా బద్ద ఆనించి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి అని ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. పాముని పట్టి తేనక్కర్లేదని కూడా చెప్పాడు.

మీ తాత తిరిగొచ్చాక చేతికేమైందిరా అన్నాడు. కోడి పొడిచింది నాన్నా అన్నాను. ఆయన మచ్చ వంక కాసేపు చూసి, "పొడిచి, తాడు కూడా కట్టిందా?" అన్నాడు. మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కాబట్టి కోడి పొడిచిందని మాత్రం నాకు రాయకు.

నొప్పి లేదు కాబట్టి ఏం కాలేదు అనుకునే రకానివి నువ్వు, చిన్నప్పుడు మేకు దిగినప్పుడూ అంతే. కట్లపాము కాటుకి నొప్పి పెద్దగా ఉండదమ్మా, వాపు కూడా ఉండదు, గాటు వెతుక్కోవాలి. తర్వాత రెప్పలు వాలతాయి, ఊపిరి అందదు. అల్లుడుగారు "పర్లేదు" అన్నారంటే పర్లేదనే అనుకుంటున్నాను. అనుకుంటూ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాను. మీ అమ్మకి చెప్పలేదు, మోకాలి కోసం లేచావా అని తననే అడుగుతున్నాను.

టార్చి సెల్లు మార్చావా? రాత్రి పెరట్లోకి వెళ్తే చీలమండ దాటిన బూట్లు వేసుకో, వేసుకునే ముందు దులుపు. అడుగు గట్టిగా వెయ్యి, నేల అదిరితే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. కనబడితే దూరంగా నిలబడి, కోళ్లని ఇవతలికి అదిలించి, పాములు పట్టడం వచ్చినవాళ్లని పిలిపించు. ఫోటో తియ్యొద్దు. నీ సంగతి తెలిసే రాస్తున్నాను.

కుంటిపెట్ట పిల్లలు దిగగానే నీకు రెండు అట్టిపెడతాను. జాలీ మార్చాకే.

జవాబు రాయి. ఫోన్ వద్దు, మెసేజ్ అసలే వద్దు, కాగితం మీద రాయి. కుడిచెయ్యైతే ఎడం చేత్తోనే రెండు ముక్కలు రాయి. దస్తూరి చూస్తే నాకు తెలుస్తుంది.

నాన్న