పాత ఇంజిన్ల పని మన పిల్లలకు నేర్పించండి

అయ్యా,

మా నాయన నడిపిన బీఎస్‌ఏ ఎం20 అనే పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ ఇంజిన్‌ను ఈ వేసవిలో మా వరండాలోనే విప్పి బిగించాను. 496 సీసీ, ఒకే సిలిండర్, వాల్వులు దాని పక్కనే ఉండే సైడ్ వాల్వ్ రకం. ఏళ్ల తరబడి పశువుల కొట్టంలో ఉండి పిస్టన్ పట్టేసింది. వారం రోజులు డీజిల్‌లో నానబెడితే గానీ కదల్లేదు.

అంతకుముందు ఒక షెడ్డులో ఇస్తే మిల్లీమీటర్ స్పానర్లు వేసి మూడు నట్ల మూలలు అరగదీశారు. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలాచోట్ల విట్‌వర్త్ అనే అంగుళాల లెక్క నట్టు-బోల్టు కొలతలే. దాని మర (బోల్టు మీది గాడి) కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ మరకు 60. ఒకదాని నట్టు మరోదానికి బలవంతంగా ఎక్కిస్తే మర పోతుంది.

సిలిండర్ బోరింగ్, అంటే అరిగిన లోపలి గోడను కోసి సాపు చేసే పని, చేసింది అనంతపురం పాతూరులో లేత్ పెట్టుకున్న ఒక పెద్దాయన. అసలు బోరు (లోపలి వ్యాసం) 82 మిల్లీమీటర్లు. అరిగిన చోటు ముందు వేలితో తడిమి చెప్పాడు, తర్వాతే గేజ్ పెట్టాడు. రెండూ సరిపోయాయి! ఆయన దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఒక్కరూ లేరు.

మొన్న ఆదివారం మూడో కిక్కుకే స్టార్టయింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "మీ నాయన వచ్చినాడేమో అనుకుంటిరా" అనింది.

ఇలాంటి టర్నర్లను (లేత్ పనివాళ్లను) ఐటీఐలకు పిలిపించి, గౌరవ వేతనం ఇచ్చి, నెలకు రెండు రోజులైనా పాఠం చెప్పించాలని అధికారులను కోరుతున్నాను. ఇళ్లల్లో పాత బండ్లున్నవాళ్లు దయచేసి కిలోల లెక్కన ఇనుప సామాన్లకు వేయకండి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, అనంతపురం