నీళ్లు పంచే పెద్దాయనకు కృతజ్ఞతలు

ఇండోనేషియాలోని ఆచే ప్రాంతపు పల్లెల్లో మళ్లకు నీటి వంతులు చూసే పెద్దను కెజ్రున్ బ్లాంగ్ అంటారు. 2004 సునామీకి ఉప్పెక్కిన మళ్లను కడిగే పద్ధతి ఓపికగా నేర్పి, పేరు మాత్రం చెప్పొద్దన్న ఆ పెద్దాయనకు మా అందరి నమస్కారాలు.

ముందు మురుగు కాలువలో పేరుకున్న సముద్రపు మట్టి తీయించారు. అది తీయకుండా నీళ్లు పెడితే ఉప్పు పోయే దారుండదు, మడి ఆరగానే మళ్లీ పైకి తేలుతుంది. తర్వాత మంచినీళ్లు నిలవగట్టి, దమ్ము చేసి, ఆ నీటిని పూర్తిగా బయటికి వదలాలి. ఒక్కసారితో సరిపోదు. వేరుశనగ పచ్చగా ఉందని నమ్మొద్దనీ, మొక్క పీకి కాయ ఒలిచి చూడమనీ ఆయనే చెప్పారు. ఉప్పు మిగిలిన చోట మొక్క ఏపుగానే పెరిగి, కాయలు మాత్రం తాలుపోయేవి. ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్ల విత్తనాల ఖర్చు కాపాడిందో! అయ్యా, మీ మేలు మరువం.