ఆషాఢంలోనే సర్వర్ల లిస్టు మారుస్తున్నాం: మీ సిస్టమ్‌లో చేయాల్సింది ఇదీ

మా దగ్గర స్టోరేజీ తీసుకున్న స్టూడియోలకు, మిక్సింగ్ యూనిట్లకు, డీటీపీ సెంటర్లకు నమస్కారం.

శ్రీకాకుళం టౌన్లో మనం నడుపుతున్న రెండు డేటాబేస్ సర్వర్ల ఐపీ అడ్రసులు పోతున్నాయి. ఇది మేం ఇష్టపడి చేస్తున్న పని కాదు. ఆ అడ్రసులు మావి కావు, నెట్ లైనుతో పాటు అద్దెకు వచ్చినవి. లైను ఇచ్చినవాళ్లు వాటిని వెనక్కి తీసుకుంటామన్నారు. బతిమాలాం, ఎక్కువ కడతామన్నాం, కుదరలేదు. విశాఖలో ఉన్న మూడో సర్వర్ అడ్రసు మాత్రం మారదు.

పెళ్లిళ్లు లేని నెల కాబట్టి ఆషాఢం ఎంచుకున్నాం. శ్రావణం వచ్చాక కరిజ్మా ఆల్బమ్ లేఅవుట్ మధ్యలో ఫోల్డర్ తెరుచుకోకపోతే మీకెంత టెన్షనో మాకు తెలుసు. ఆషాఢ అమావాస్య వరకు పాత రెండూ, కొత్త రెండూ, విశాఖది కలిపి ఐదు సర్వర్లు నడుస్తాయి. ఆ తర్వాత పాతవి ఆగిపోతాయి. ఈ అదనపు మెషిన్లు, రెండో లైను ఖర్చు మాదే. మీ నెల చార్జీ పెరగదు.

ఇంతకీ మీ సిస్టమ్‌కి ఈ అడ్రసులతో పనేమిటి? మనం వాడే ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ (నెట్ మీద ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్)లో మీ ఫోటోలుండే ఫైల్ సర్వర్లు వేరు, ఏ వాల్యూమ్ (ఒకచోట ఉంచిన ఫోల్డర్ల కట్ట) ఏ ఫైల్ సర్వర్లో ఉందో చెప్పే డేటాబేస్ సర్వర్లు వేరు. పెళ్లింట్లో ఎవరి విడిది ఎక్కడో చెప్పే మనిషి ఒకరుంటారు కదా, డేటాబేస్ సర్వర్ ఆ మనిషి. మీ సిస్టమ్‌లోని సెల్‌సర్వ్‌డీబీ అనే ఫైల్లో ఉండేది ఆ మనిషి ఫోన్ నంబరు మాత్రమే. అందుకే ఇన్నేళ్లలో ఫైల్ సర్వర్లు ఎన్ని కలిపినా మీకు తెలియనే లేదు. ఇప్పుడు మారుతున్నది ఆ నంబరు కాబట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టక తప్పడం లేదు.

ఆ ఫైలు తెరిస్తే మన సెల్ (మన సర్వర్లన్నీ కలిసిన గుంపు) పేరు ముందు ఒక బాణం గుర్తు, దాని కింద మూడు లైన్లు కనిపిస్తాయి. ఒక్కో లైనులో ముందు ఐపీ అడ్రసు, తర్వాత హాష్ గుర్తు, ఆ పక్కన సర్వర్ పేరు. హాష్ ఉంది కదా, కామెంటేలే అని కొందరు ఆ పేరు చెరిపేస్తుంటారు. ఈ ఫైల్లో అది కామెంటు కాదు, ఉండాల్సిందే. మొదటి రెండు లైన్లు మార్చండి, మూడోది ముట్టుకోకండి.

లైనక్స్ వాడేవాళ్లు ఇక్కడ కాస్త నిదానించాలి. ఫైలు మార్చి సేవ్ చేసినంత మాత్రాన నడుస్తున్న క్లయింటుకు, అంటే మీ సిస్టమ్‌లోని ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ ప్రోగ్రాముకు, ఏమీ తెలియదు. అది స్టార్ట్ అయినప్పుడే లిస్టు చదివి కెర్నెల్ మెమరీలో పెట్టుకుంటుంది. మళ్లీ స్టార్ట్ చేస్తేనే కొత్తది చదువుతుంది. పని ఆపడం కుదరదంటే రూట్‌గా (అడ్మిన్ అధికారంతో) ఎఫ్‌ఎస్ న్యూసెల్ కమాండ్ ఇవ్వొచ్చు. అయితే ఆ కమాండ్‌లో మూడు సర్వర్లూ రాయాలి. కొత్తవి రెండే రాస్తే పాత లిస్టు మొత్తం పోయి ఆ రెండే మిగులుతాయి, విశాఖ సర్వర్ ఉన్నట్టే క్లయింటుకు తెలియదు. ఇంకో సంగతి, ఆ కమాండ్ మెమరీని మారుస్తుందే కానీ ఫైలును మార్చదు. కరెంటు పోయి సిస్టమ్ మళ్లీ లేచిందంటే పాత లిస్టే వస్తుంది. మన జిల్లాలో కరెంటు సంగతి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఫైలూ మార్చండి, కమాండూ ఇవ్వండి. చివర్లో ఎఫ్‌ఎస్ లిస్ట్‌సెల్స్ కొడితే మెమరీలో ఏముందో కనిపిస్తుంది. ఆ స్క్రీన్ ఫోటో తీసి పంపితే మేం చూసి చెబుతాం.

రెడ్‌హ్యాట్ రకం ప్యాకేజీ పెట్టుకున్నవాళ్లకు మరో మెలిక ఉంది. అందులో సర్వీస్ స్టార్ట్ అయిన ప్రతిసారీ లోకల్, డిస్ట్ అనే రెండు ఫైళ్లను కలిపి అసలు ఫైలును కొత్తగా రాసేస్తుంది. మీరు అసలు ఫైల్లో ఎంత చక్కగా దిద్దినా నిలవదు. లోకల్ అని చివరన ఉన్నదాన్ని మార్చండి.

విండోస్ వాళ్లు ఏమీ చేయొద్దు. రిమోట్‌లో వచ్చి మేమే మార్చి, సర్వీస్ రీస్టార్ట్ చేస్తాం. ఆ టైములో ఫోటోషాప్‌లో ఏదీ తెరిచి ఉంచకండి.

“ఏటండీ, మార్చకపోయినా బానే తెరుచుకుంటోంది కదా” అని ఇప్పటికే ఒకరిద్దరు అన్నారు. అమావాస్య దాటాక కూడా కొన్నాళ్లు అలాగే అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. నిన్న తెరిచిన ఆల్బమ్ ఎక్కడుందో క్లయింటుకు ముందే తెలుసు, చాలా ఫైళ్లు మీ డిస్కు మీద క్యాష్‌లోనూ (దాచుకున్న కాపీలుగా) ఉంటాయి, కాబట్టి తేడా తెలియదు. ఎప్పుడో పాత పెళ్లి ఒకటి కావాలని పార్టీ వచ్చి కూర్చుంటుంది. ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తారు, విండో తెల్లగా నిలబడిపోతుంది. లేని సర్వర్‌ని అడిగి, జవాబు కోసం చూసి చూసి, చివరికి విశాఖ సర్వర్ దగ్గరికి వెళితే అప్పుడు తెరుచుకుంటుంది. మీరు నెట్ స్లో అనుకుంటారు. విశాఖ లైను కూడా అదే టైముకి తెగిందా, ఇక తెరుచుకోదు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో పలాస వైపు ఏం చేసిందో చూసినవాళ్లం, ఒక్క సర్వర్ మీద ఆధారపడమని నేనైతే చెప్పను.

ఇవన్నీ లేకుండా డీఎన్‌ఎస్ (పేరు చెబితే నెట్‌లో అడ్రసు వెతికిచ్చే వ్యవస్థ)లో పెట్టేయొచ్చు కదా అని టెక్కలి నుంచి ఒక కస్టమర్ అడిగారు. పెట్టొచ్చు. సర్వర్ల పేర్లు డీఎన్‌ఎస్ రికార్డుల్లో ఉంచితే క్లయింటు తనే వెతుక్కుంటుంది. కాకపోతే సొంత ఫైల్లో మన సెల్ పేరు ఉన్నంతవరకు క్లయింటు డీఎన్‌ఎస్ మొహం చూడదు, ఫైల్లోంచి ఆ లైన్లు తీసేయాలి. మీ కేబుల్ నెట్‌లో డీఎన్‌ఎస్ తరచూ మొరాయిస్తుంటే మాత్రం ఫైలే నయం. టౌన్లో మంచి లైను ఉన్నవాళ్లు అడిగితే ఈసారి డీఎన్‌ఎస్‌కి మార్చి ఇస్తాం, రికార్డులు సిద్ధంగా ఉన్నాయి.

కొత్త సర్వర్లు కలిపే రాత్రి, పాతవి తీసే రాత్రి డేటాబేస్ సర్వర్లను రీస్టార్ట్ చేయాలి. ఆ కాసేపు ఉన్న ఫైళ్లు తెరుచుకుంటాయి, సేవ్ అవుతాయి. కొత్త పెళ్లికి కొత్త వాల్యూమ్ కావాలంటే మాత్రం కుదరదు, ఎందుకంటే దానికి సర్వర్లలో సగానికి పైగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. ఏ రాత్రి అన్నది ముందురోజే మెసేజ్ పెడతాం. లాగిన్ పాస్‌వర్డులు చూసే కెర్బెరోస్ సర్వర్లు మారడం లేదు, పాస్‌వర్డు మార్చమని ఎవరైనా అడిగితే అది మేం కాదు.

కొత్త అడ్రసులు మన వాట్సాప్ గ్రూపులో నేనే పెడతాను. ఇంకెవరో ఫార్వర్డ్ చేసిన అంకెలు ఎక్కించకండి. చేతకాదనుకుంటే మొహమాటపడకుండా ఫోన్ చేయండి. నరసన్నపేట, టెక్కలి, పలాస వైపు ఒక శనివారం, ఆమదాలవలస, రాజాం వైపు తర్వాతి శనివారం మా కుర్రాడు వస్తాడు. ఆయన వచ్చేసరికి సిస్టమ్ అడ్మిన్ పాస్‌వర్డు తెలిసినవాళ్లు షాపులో ఉండేలా చూడండి.