వార్షిక నివేదిక: వేలంవెర్రులు, ప్రకటనలు, సరిచూసిన జవాబులు

మన క్విజ్ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది కిందటి సర్వసభ్య సమావేశంలో చేసుకున్న తీర్మానం మీకు గుర్తుండే ఉంటుంది. ఎన్ని పుస్తకాల్లో అచ్చయినా, ఎందరి నోట విన్నా, మనం స్వయంగా సరిచూడని సంగతిని మన క్విజ్‌లో అడగకూడదన్నది ఆ తీర్మానం. ఈ పన్నెండు నెలల పని దాదాపు దాని చుట్టూనే తిరిగింది కాబట్టి నివేదికను అక్కణ్నుంచే మొదలుపెడుతున్నాను.

కొత్తగా చేరినవారి కోసం దాని వెనక కథ చెప్పాలి. 1979 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో, పత్రికల్లో పనిచేసే క్రిస్ హేనీ, స్కాట్ అబాట్ కలిసి ట్రివియల్ పర్స్యూట్ అనే ప్రశ్నల ఆటను ఊహించారు. 1984లో ఒక్క ఉత్తర అమెరికాలోనే దాదాపు 2 కోట్ల సెట్లు అమ్ముడుపోయాయి. అదే ఏడాది ఫ్రెడ్ వర్త్ అనే రచయిత, తన ట్రివియా (చిన్న చిన్న ఆసక్తికర సంగతుల) పుస్తకాల్లోంచి ప్రశ్నలు ఎత్తుకున్నారంటూ ఆ ఆట తయారీదారుల మీద 30 కోట్ల డాలర్లకు దావా వేశారు. ఆయన చూపిన సాక్ష్యం తాను కావాలని రాసిన ఒక అబద్ధం. టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని ఆయన తన పుస్తకంలో కల్పించి పెట్టారు. ఆ ఫిలిప్ ఆటలోని కార్డు మీద కూడా ప్రత్యక్షమయ్యాడు. ఆయన పుస్తకం చూసిన మాట నిజమేనని తయారీదారులు ఒప్పుకున్నారు. అయినా వర్త్ ఓడిపోయారు, 1987లో అప్పీలులోనూ ఓడారు. వాస్తవాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదన్నది కోర్టు మాట.

దావా ఎటు పోయినా, మనల్ని కుదిపిన విషయం వేరు. ఒక మనిషి నాటిన అబద్ధం లక్షల ఇళ్లలో సరైన జవాబుగా చెల్లింది. సీరియల్లో ఒకచోట కొలంబో గుర్తింపు కార్డును దగ్గరగా చూపిస్తారు, దాని మీదున్న పేరు ఫ్రాంక్. మన పాత ప్రశ్నల పెట్టెలోనూ ఫిలిప్ ఉన్నాడని తేలిన రోజునే తీర్మానం ప్రతిపాదనకు వచ్చింది.

పరిశీలన ఉపసంఘం ఏడాది పొడవునా ఆ పెట్టెను తోడింది. నిలబడని ప్రశ్నల కోసం ‘కొట్టివేతల పుస్తకం’ అని ఒకటి తెరిచాం. దాన్లోకి మొదట ఎక్కింది సినిమా హాలు ప్రయోగం. 1957లో జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు, న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో ఒక సినిమా హాలు తెర మీద కంటికి ఆనని వేగంతో ‘పాప్‌కార్న్ తినండి’, ‘కోకా కోలా తాగండి’ అన్న మాటలు మెరిపించానని, దాంతో పాప్‌కార్న్ అమ్మకాలు 57.5 శాతం పెరిగాయని ప్రకటించాడు. లోకం హడలిపోయింది. బ్రిటన్‌లో అలాంటి ప్రకటనలను నిషేధించారు కూడా. 1962లో, ఆ మాట తేల్చి చెప్పడానికి సరిపడా సమాచారం తన దగ్గర లేదని ఆయనే ఒక పత్రికకు చెప్పాడు. భయం మాత్రం దశాబ్దాలు దాటి వచ్చింది, మన పెట్టెలో అది ‘నిరూపితమైన ప్రయోగం’ అన్న శీర్షిక కింద ఉంది.

రెండోది షెవర్లే నోవా కారు. స్పానిష్‌లో ‘నో వా’ అంటే ‘కదలదు’ అని అర్థం వస్తుంది కాబట్టి ఆ భాష మాట్లాడే దేశాల్లో కారు అమ్ముడుపోలేదని వ్యాపార పాఠాల్లో ఇప్పటికీ చెబుతుంటారు. నిజానికి మెక్సికోలో, వెనిజులాలో అది బాగానే అమ్ముడుపోయింది. స్పానిష్ మాట్లాడేవారికి ‘నోవా’ ఒకే మాటగా వినిపిస్తుంది తప్ప రెండు ముక్కలుగా కాదు. ఈ ప్రశ్నను కొట్టేయడానికి కొందరు పెద్దలు ఒప్పుకోలేదు, ఎన్నో ఏళ్లుగా సభల్లో నవ్వు తెప్పించిన ప్రశ్న అన్నారు. వారి బాధ నాకు అర్థమైంది. కానీ మనం సరైన జవాబుకు మార్కులు వేసే సంఘం.

మూడోది శాంతా క్లాజ్ ఎర్ర కోటు. దాన్ని కోకా కోలా కంపెనీయే తొడిగిందన్నది వాడుకలో ఉన్న మాట. చిత్రకారుడు హాడన్ సండ్‌బ్లమ్ ఆ కంపెనీ కోసం 1931 నుంచి శాంతా బొమ్మలు గీసిన మాట వాస్తవం, నిండు బుగ్గల ఆ ముఖాన్ని లోకానికి అలవాటు చేసిందీ ఆయనే. కానీ ఎర్ర దుస్తుల శాంతా అంతకుముందే ఉన్నాడు. 1923లోనే వైట్ రాక్ అనే మరో పానీయాల కంపెనీ రంగుల ప్రకటనల్లో కనిపించాడు.

ఈ కొట్టేసిన ప్రశ్నలతోనే వార్షిక క్విజ్‌లో ఒక ఇబ్బంది ఎదురైంది. ప్రశ్నపత్రాలు అచ్చుకిచ్చిన చోట దిద్దిన ప్రతికి బదులు పాత ప్రతి అచ్చు వేశారు. పెట్టెలు పోటీ రోజు పొద్దున్నే చేతికి వచ్చాయి, అప్పుడు చూసుకుంటే కొట్టేసిన ప్రశ్నలన్నీ అందులో యథాతథంగా ఉన్నాయి. వాటిని వేదిక మీద నుంచే రద్దు చేశాం. సిద్ధపడి వచ్చిన జట్లకు అది చాలా కష్టం కలిగించింది, కార్యవర్గం తరఫున వారికి క్షమాపణలు. ఇకమీదట అచ్చయిన తొలి కాగితం మన చేత్తో చూశాకే మిగతావి వేయించాలని నిర్ణయించాం.

‘దశాబ్దానికో సాయంత్రం’ పేరుతో నడిపిన సభలు మనకు మంచి పేరు తెచ్చాయి. 1920ల సాయంత్రం రేడియోతో మొదలైంది. 1922 ఆగస్టు 28న న్యూయార్క్ రేడియో కేంద్రం డబ్ల్యూఈఏఎఫ్ డబ్బు తీసుకుని అపార్ట్‌మెంట్ల ప్రకటన వినిపించింది. పది నిమిషాల ప్రసంగం అది, రుసుము 50 డాలర్లు. రెండేళ్లకు ‘షిప్‌రెక్’ కెల్లీ అనే సాహసి జెండా స్తంభం ఎక్కి 13 గంటల 13 నిమిషాలు కూర్చున్నాడు, ఆయన్ను చూసి దేశమంతా స్తంభాలెక్కింది. 1930ల సభకు హాజరు తక్కువ. సబ్బుల కంపెనీలు ఖర్చు భరించిన రేడియో ధారావాహికలకు ‘సోప్ ఒపేరా’ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పుకొని ముగించాం.

1940లలో స్లింకీ అనే స్ప్రింగు బొమ్మ వచ్చింది. నౌకల మీద పరికరాలు కదలకుండా పట్టి ఉంచే స్ప్రింగుల కోసం పనిచేస్తున్న రిచర్డ్ జేమ్స్ అనే ఇంజనీరు, 1943లో కింద పడిన ఒక స్ప్రింగు అడుగులేస్తున్నట్టు దొర్లడం చూశాడు. పేరు పెట్టింది ఆయన భార్య బెటీ. 1945 నవంబరులో ఫిలడెల్ఫియాలో ఒక దుకాణంలో 400 స్లింకీలు గంటన్నరలో అయిపోయాయి. 1950లది హులా హూప్. ఆస్ట్రేలియాలో పిల్లలు వెదురు చట్రాలు నడుముకు తిప్పుతున్నారని విని, వామ్-ఓ కంపెనీ 1958లో వాటిని ప్లాస్టిక్‌తో చేయించింది. నాలుగు నెలల్లో 2.5 కోట్లు అమ్మిందని చెబుతారు. ఆ సాయంత్రం సభ్యులు తలా ఒక చట్రం అందుకుని తిప్పడంతో ప్రసంగం సగంలో ఆగింది, ఎవరూ అడ్డు చెప్పలేదు.

1970ల సాయంత్రం గురించి కాస్త ఎక్కువ రాస్తాను. నా దృష్టిలో వేలంవెర్రికీ ప్రకటనకూ మధ్య గీత పూర్తిగా చెరిగిపోయింది అప్పుడే. గ్యారీ డాల్ ప్రకటనలు రాసుకునే మనిషి. కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్‌లో ఒక బార్‌లో మిత్రులు పెంపుడు జంతువుల పోషణ కష్టాలు ఏకరువు పెడుతుంటే, నా దగ్గర ఒక రాయి ఉంది, దానికి ఏ గొడవా లేదన్నాడు. 1975లో నున్నటి గులకరాళ్లను గాలి రంధ్రాలున్న అట్టపెట్టెల్లో, గడ్డి పరుపు మీద పెట్టి ‘పెట్ రాక్’ అని అమ్మాడు. ధర 3.95 డాలర్లు. నెలల్లోనే పది లక్షలకు పైగా పోయాయి, పండుగ సీజన్ దాటగానే గిరాకీ చల్లారింది.

చాలామంది దీన్ని జనం అమాయకత్వానికి గుర్తుగా చెబుతారు. నేను ఒప్పుకోను. కొన్నవారికి అది రాయి అని తెలుసు. వాళ్లు కొన్నది పెట్టెలో వచ్చే 32 పేజీల శిక్షణ పుస్తకం. ‘కూర్చో’, ‘అక్కడే ఉండు’ అన్న ఆజ్ఞలు రాయికి ఇట్టే వస్తాయని, ‘ఇటు రా’ అన్నది నేర్పడమే కష్టమని దాన్లో ఉంటుంది. రాయికి ఖర్చు లేదు, రాతకు విలువ కట్టారు. ప్రకటన రాసే మనిషి, సరుకు పక్కన పెట్టి ప్రకటననే సరుకుగా అమ్మిన సందర్భం ఇంత స్పష్టంగా నాకు మరొకటి తెలియదు. ఆ సాయంత్రం చర్చ గంటసేపు అనుకున్నది రెండున్నర గంటలు సాగింది.

1980ల సభలో రూబిక్ క్యూబ్ పోటీ పెట్టాం. ఎర్నో రూబిక్ 1974లో బుడాపెస్ట్‌లో దాన్ని తయారుచేశాక, తాను కలగాపులగం చేసిన రంగులను తానే మళ్లీ సర్దడానికి నెలకు పైగా పట్టింది. 1982లో అదే నగరంలో జరిగిన తొలి ప్రపంచ పోటీలో గెలిచిన సమయం 22.95 సెకన్లు. కోకా కోలా తన రుచి మార్చి, 1985లో 79 రోజులకే పాత రుచిని తిరిగి తెచ్చిన కథ కూడా చెప్పుకున్నాం. 1990లకు టమగోచీ. 1996 నవంబరులో జపాన్‌లో విడుదలైన ఆ గుడ్డు ఆకారపు ఎలక్ట్రానిక్ బొమ్మ తెర మీది పెంపుడు జీవికి తిండి పెట్టకపోతే చనిపోయేది. పిల్లలు నిజంగా ఏడ్చారు. పెంపుడు రాయి వచ్చిన ఇరవై ఏళ్లకు మనుషులు మళ్లీ పోషణ కష్టాలనే కోరి కొనుక్కోవడం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపించారు, సభలో చర్చకు వస్తుంది. పాత పత్రికల ప్రకటనలను సేకరణకు ఇచ్చిన సభ్యులకు కృతజ్ఞతలు. వాటిని ఆమ్లం లేని కాగితాల మధ్య భద్రపరిచే పని సగం పూర్తయింది, మిగతా సగానికి చేతులు కావాలి. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవారు సభ ముగిశాక పేరు రాయించండి.

వచ్చే ఏడాది 2000ల తర్వాతి కాలంలోకి వెళ్తున్నాం. ప్రశ్నలు పంపేవారు జవాబుతో పాటు అది దొరికిన పుస్తకం పేరు, పేజీ నంబరు తప్పకుండా రాయండి. ఆ పుస్తకానికి ఆ సంగతి ఎక్కడ దొరికిందో కూడా తెలిస్తే, అదీ రాయండి.

కార్యదర్శి