మీవాడికి ముందు సాయినాథ్‌ని చదివించు

రేయ్ మామా,

మీవాడు జర్నలిజంలో చేరతానంటున్నాడు, ఒక మాట చెప్పు అన్నావు గదా ఫోన్లో. నన్నా అడిగేది? పలమనేరు పక్కన మూడేళ్ళు పేపరు కంట్రిబ్యూటర్‌గా తిరిగి, అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు బండి పెట్రోలుకే చాలక, తిరుపతికొచ్చి జెరాక్స్ షాపు పెట్టుకున్నోణ్ణి! సరే, అడిగావు కాబట్టి చెప్తా. వాడి చేత పల్లెల మీద రాసే జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్‌ని చదివించు.

మన తెలుగాయనే, 1957లో మద్రాసులో పుట్టాడు, వి.వి. గిరి మనవడు. 1980లో యూఎన్ఐ వార్తా సంస్థలో చేరి, బొంబాయి వారపత్రిక బ్లిట్జ్‌లో డిప్యూటీ ఎడిటర్ దాకా పోయినాయన, 1993లో ఆ కుర్చీ వదిలేసి ఒక ఫెలోషిప్ మీద దేశంలో బాగా పేద జిల్లాలు పట్టుకుని తిరిగాడు. బస్సో పడవో ఏది దొరికితే అది, ఏదీ లేకపోతే నడక. ఆ నడకే 5000 కిలోమీటర్లు. అలా తిరిగి రాసిన వార్తలే 1996లో 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' పుస్తకమయ్యాయి.

అందులో గొడ్డా జిల్లా (ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది) బొగ్గు సైకిళ్ళ సంగతి ఉంది చూడు. ఆ సైకిలు తొక్కడానికి కాదు, 250 కిలోల బొగ్గు కట్టి తోసుకుంటూ పోవడానికి. బరువెంత, దూరమెంత, చేతికొచ్చేదెంత, అన్నీ రాస్తాడు. అయ్యో పాపం అని మాత్రం ఎక్కడా అనడు.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకు ముందే నేను చెనిక్కాయలు ఎండిపోయాయని 'కరువు కోరల్లో రైతన్న' అని సెంటర్లో టీ తాగుతూ ఒకటి రాసి పంపేశా. మళ్ళీ ఆ చేను తాత దగ్గరికి పోయి ఎన్ని బోర్లు వేశావని అడిగితే, మాట్లాడకుండా ఒక్కో వేలూ మడిచాడు. ఐదు. చివరిది ఎనిమిదొందల అడుగులు, దానికోసం రెండావుల్ని అమ్మాడు. "మొన్న ఇదంతా అడగలేదేం నాయనా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాన్రా. రెండో వార్త రాస్తే పేపరాఫీసు డెస్కోళ్ళు నాలుగు లైన్లు చేశారు, అది వేరే కథ.

తర్వాత సాయినాథ్ హిందూ పేపర్లో ఉండి అనంతపురం, విదర్భ రైతుల ఆత్మహత్యల మీద రాశాడు. 2007లో మెగసెసే అవార్డు వచ్చింది. 2009లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు, ప్రభుత్వం మీద రాసేవాడు ప్రభుత్వం చేతుల మీదుగా ఎలా తీసుకుంటాడని. 2014లో పల్లెల కోసం 'పరి' అనే వెబ్‌సైటు పెట్టాడు, అది తెలుగులోనూ వస్తుంది, ఫోన్లోనే చదవచ్చు, పైసా ఖర్చు లేదు. ఆయన చెప్పేవన్నీ నేను ఒప్పుకోను, కానీ తిరిగిన కాళ్ళకు దండం పెట్టాల్సిందే.

వేసవిలో వాణ్ణి ఇటు పంపు. నా పుస్తకం అట్ట ఊడిపోయింది, షాపులోనే స్పైరల్ వేసి ఇస్తా. తిరిగివ్వమని మాత్రం గట్టిగా చెప్పు, నువ్వు పట్టుకుపోయినవి ఇంకా రెండున్నాయి.

నీ,
జెరాక్స్ మామ