వేడినీటి బుగ్గల జోలికి పోవద్దు

సంపాదకుడు గారికి,

హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి దగ్గర 10,000 చదరపు కిలోమీటర్లలో ఖనిజాలు అన్వేషించడానికి 2025 సెప్టెంబరులో మన దేశం, ఏ దేశానికీ చెందని సముద్రగర్భ వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సముద్రగర్భ అథారిటీతో ఒప్పందం చేసుకుంది. 2016లోనూ ఇలాంటిదే ఒకటి కుదిరింది. నేను చదివిన వార్తలన్నీ రాగి, జింకు, బంగారం గురించే. ఆ ఖనిజాలను పైకి తెచ్చే, సముద్రం అడుగున ఉండే వేడినీటి బుగ్గల దగ్గర ఏం బతుకుతోందో కూడా జనానికి తెలియాలి.

నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ఎండ ఉంటేనే ఆహారం తయారవుతుందని మేమూ చదువుకున్నాం. 1977లో గాలపాగోస్ దగ్గర 2,500 మీటర్ల లోతున, కటిక చీకట్లో, వేడినీటి బుగ్గల చుట్టూ నిలువెత్తు గొట్టపు పురుగులు గుంపులుగా కనిపించాయి. వాటికి నోరు లేదు, పేగు లేదు. మరి తిండి ఎలా? వాటి ఒంట్లో కాపురమున్న బ్యాక్టీరియాయే వండి పెడుతోందని 1981లో కోలీన్ కావనా చెప్పారు. అప్పటికి ఆమె హార్వర్డ్‌లో విద్యార్థిని!

బుగ్గ నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు. బ్యాక్టీరియా దాన్ని ఆక్సిజన్‌తో కలిపి శక్తి రాబట్టుకుని, ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తుంది. కొన్ని మన ఆకుల్లో జరిగే కాల్విన్ వలయాన్నే వాడతాయి. మరికొన్ని, మన ఒంట్లో ఆహారాన్ని విడగొట్టి శక్తి తీసే, మా పిల్లలు బట్టీ పట్టే క్రెబ్స్ వలయాన్ని వెనక్కి తిప్పుతాయి. ఆ ఆక్సిజన్ మాత్రం పైన ఎండలో తయారైనదే. హైడ్రోజన్‌తో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు అదీ అక్కర్లేదు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది.

హిందూ మహాసముద్రపు బుగ్గల దగ్గర ఇనుప పొలుసుల నత్త ఒకటి ఉంది. దానికీ లోపలి బ్యాక్టీరియాయే ఆధారం. సముద్రగర్భ తవ్వకాల ముప్పు వల్ల 2019లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల ఎర్ర జాబితాలో చేర్చారు. బుగ్గ మూసుకుపోతే సల్ఫైడ్ ఆగుతుంది, బ్యాక్టీరియా పోతుంది, దాని మీద బతికేవన్నీ పోతాయి.

మన శాస్త్రవేత్తలే 2024 డిసెంబరులో 4,500 మీటర్ల లోతున సజీవంగా ఉన్న బుగ్గను ఫొటో తీశారు. అందుకు గర్వపడ్డాను. లోహాలు అవసరమే, కాదనను. బుగ్గలు ఆగిపోయి చల్లారిపోయిన ఖనిజపు గుట్టలను పరిశీలించనివ్వండి, అక్కడా జాగ్రత్తగానే. ఇంకా పొగలు కక్కుతున్న బుగ్గలను మాత్రం తవ్వబోమని భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా ప్రకటించాలి. అంతర్జాతీయ సముద్రగర్భ అథారిటీలో తవ్వకాల నియమావళిపై చర్చ జరుగుతుండగానే మన ప్రతినిధులు ఈ మాట అడగాలి.

– ఒక బోటనీ లెక్చరర్, కావలి