మాతంగి వేషం నాటికి వచ్చెయ్

తిరుపతి

సుధా,

ఎట్లా ఉన్నావే? హైదరాబాదు ఎండలు మన ఎండలకు తీసిపోవని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన నీ నవల రెండో భాగం నిన్న రాత్రితో చదవడం అయిపోయింది. మెసేజ్ పెడదామని మొదలుపెట్టాను కానీ నేను చెప్పాలనుకున్నది అందులో ఇమడదు. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

ముందు నాకు బాగా నచ్చింది చెప్తాను. మన మంత్రగత్తె పిల్లలు సెకండియర్‌కి వచ్చారు కదా, ఆ మార్పు ఎంత బాగా పట్టుకున్నావో! పోయినేడు భయంభయంగా హాస్టల్ గేటు దాటినవాళ్లే ఇప్పుడు జూనియర్లకు మెస్‌లో ఏ రోజు సాంబారు బాగుంటుందో చెప్తున్నారు. ఇంటర్నల్స్ ముందు రాత్రి మంత్రాల రికార్డు పూర్తి కాక నలుగురూ ఒకే గదిలో చేరి ఏడుపు ముఖాలతో బొమ్మలు గీసే సీను రెండుసార్లు చదివాను. వార్డెన్ హాజరు వేస్తుంటే గదిలో లేని పిల్ల గొంతును ఇంకొకతె పలికించడం కూడా! పంతొమ్మిదేళ్ల పిల్లకు శక్తి వస్తే మొదట దానికే వాడుతుంది. ఇంకెవరన్నా రాసుంటే ఆ పిల్లతో లోకాన్ని కాపాడించేవాళ్లు.

గుడ్లగూబనో నల్లపిల్లినో తేకుండా బంగారు బల్లిని తెచ్చావు చూడు, అక్కడే ఈ కథ మన కొండది అయిపోయింది. పగలంతా శేషాచలం రాళ్ల సందుల్లో దాక్కుని రాత్రి బయటికొచ్చే ప్రాణి, హాస్టల్లో దొంగచాటుగా పెంచుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

మంత్రదండం దగ్గర మాత్రం ఆగాను. ఎర్రచందనం అన్నావు. సరే, ఆ చెట్టు సహజంగా పెరిగేదే మన తూర్పు కనుమల దక్షిణ కొసన. ఇక్కడి పిల్లల చేతిలో ఇంకే కర్ర ఉంటుంది? కానీ ఆ కర్ర పట్టుకుని ఆ పిల్ల అలిపిరి దాటి నడిచిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. అలిపిరిలో బ్యాగులు స్కాన్ చేస్తారు కదే! ఎర్రచందనం దొంగరవాణాను పట్టుకోవడానికే మన ఊళ్లో ఒక టాస్క్‌ఫోర్స్ ఉంది. ఆ పిల్లను అక్కడ ఆపించు. ఎక్కడిదమ్మా ఈ కర్ర అని అడిగించు. విరిచిందా, ఏరుకుందా, ఎవరన్నా ఇచ్చారా? అడవిలో గొడ్డలి పట్టేది ఎక్కడో తమిళనాడు జవ్వాదు కొండల నుంచి కూలికొచ్చే పేదవాళ్లు, లాభం ఇంకెవరిదో. తన శక్తి ఎవరి కష్టం మీద నిలబడిందో ఆ పిల్లకు తెలియాలి. నీ కథకు అది అడ్డం కాదు, బలం.

ఇక అసలు సంగతి. మొదటి భాగం చివర కొండ మీది మాంత్రికుణ్ణి చంపేశారు. రెండో భాగంలో ఎనిమిదో అధ్యాయానికి అతని గురువు దిగాడు, ఇంకా పెద్ద మీసాలతో, ఇంకా పెద్ద మంత్రాలతో. మూడో భాగంలో ఆ గురువుకు గురువు వస్తాడా? వద్దే సుధా. వాడు నాకు అక్కర్లేదు. నీ కథకూ అక్కర్లేదు.

మన గంగమ్మ జాతర గుర్తు తెచ్చుకో. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాణ్ణి చంపడానికి అమ్మ రోజుకో వేషం వేసుకుని వెతుకుతుంది. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి. శనివారం దొర వేషంలో వాణ్ణి పట్టుకుని తల నరుకుతుంది. కథ అక్కడితో అయిపోవాలి కదా? అవ్వదు. ఆదివారం మాతంగి వేషం కడతారు. చిన్నప్పుడు మా అవ్వను అడిగాను, వాడు చచ్చాడు కదా, ఇంకా వేషం దేనికి అని. పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చడానికే అని చెప్పింది. వాణ్ణి చంపింది తనే, ఆమె ఇంటికి పోయేదీ తనే. అంత గొప్ప ముగింపు మన ఊళ్లోనే, మన వీధుల్లోనే నడుస్తుంటే మనం వేరే గురువుల్ని ఎందుకు పుట్టించాలి?

నీ దగ్గర ఆ కథ ఇప్పటికే ఉంది కూడా. ఐదో అధ్యాయంలో కాలేజీలో కొత్తగా చేరిన జూనియర్ ఒకతె మెస్‌లో ఒంటరిగా కూర్చుని పెరుగన్నం తింటుంటుంది, ఆ పిల్ల మాంత్రికుడి కూతురని ఎవరో గుసగుసలాడతారు. మూడు వాక్యాలు రాసి వదిలేశావు. నాకు ఆ తర్వాత గురువు యుద్ధమంతా ఎక్కలేదు, ఆ పిల్ల గురించే ఆలోచిస్తూ ఉన్నాను. తన తండ్రిని చంపినవాళ్లు పక్క బల్ల మీద నవ్వుకుంటూ ఇడ్లీ తింటున్నారు. ఆ పిల్లకు వీళ్లెవరో తెలుసా? తెలిసే ఈ కాలేజీలో చేరిందా? నీ నలుగురు పిల్లల్లో ఎవరు లేచి ఆ బల్ల దగ్గరికి వెళ్తారు? వెళ్లి ఏమంటారు? తండ్రి దుర్మార్గుడే, అయినా ఆ పిల్లకు నాన్నే కదా. క్షమించమని అడగాలా, అడిగితే అబద్ధమవుతుందా? ఏ మంత్రంతోనూ తేలని చిక్కు అది. నువ్వు రాయగలవు, నాకు నమ్మకం ఉంది. మీ నాన్న పోయినప్పుడు నువ్వు నాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది, అందుకే చెప్తున్నాను.

గురువు పోతే పేజీలు తగ్గుతాయని టెన్షన్ పడకు. మాంత్రికుడి కూతుర్నీ, నీ నలుగురిలో ఒకతెనూ ఒకే గదిలో వేసి చూడు. రూమ్మేట్లను చెయ్యి. వార్డెన్ లిస్టు మార్చదు, ఎవరికి చెప్పుకున్నా లాభం ఉండదు. పేజీలు వాటంతటవే వస్తాయి.

మే నెలలో జాతరకు రా. మాతంగి వేషం ఆదివారం కాబట్టి నువ్వు సెలవు అడగాల్సిన పని కూడా లేదు. శుక్రవారం రాత్రి రైలెక్కితే దొర వేషం కూడా చూడొచ్చు. తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర జనం ఎక్కువ, మా ఇంట్లోనే దిగు. అమ్మ నీకోసం రాగిసంగటి, శనక్కాయల చట్నీ చేస్తానంటోంది. వచ్చేటప్పుడు ఐదో అధ్యాయం ప్రింటు తీసుకురా, మార్జిన్ ఎక్కువ వదిలి.

నీ
లక్ష్మి